దివిసీమ ఉప్పెన – మన ఆడవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతులు

మన సమాఖ్యలో చాలామందిమి 1977 తర్వాత పుట్టినవాళ్లమే. ఉప్పెన సంగతి అత్తలు, అమ్మమ్మలు చెబితే విన్నదే. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే జమాఖర్చులు రాసుకునే ఈ పుస్తకంలో ఇదీ రాసి పెడుతున్నాం.

1977 నవంబరు 19, శనివారం. వరి కోతకొచ్చిన రోజులు. తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారు గానీ, రేడియో ఉన్న ఇళ్లే తక్కువ. గాలివాన మనకు కొత్తా అని జనం ఇళ్లల్లోనే ఉండిపోయారు. సముద్రం పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లల్లో పూరిళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. తాటిచెట్టు పట్టుకున్నవాళ్లు, మేడ ఎక్కినవాళ్లు కొందరు బతికారు. బిడ్డను చంకనేసుకున్న తల్లి చెట్టెలా ఎక్కుతుంది? మొత్తం పదివేల మందికి పైగా చనిపోయారు. పొలాలు ఉప్పుబారాయి.

తర్వాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు పక్కా ఇళ్లు, తుఫాను షెల్టర్లు కట్టించాయి. కానీ గేదె కొనాలన్నా, వల కొనాలన్నా వడ్డీకి తెచ్చుకోవడమేనని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అప్పటికి పొదుపు సంఘాలు లేవు.

1990 మే 9న బందరు దగ్గర మళ్లీ పెద్ద తుఫాను తీరం దాటింది. అదీ చిన్నదేం కాదు. అయితే ఈసారి ఉపగ్రహం ఫొటోలు చూసి ముందే హెచ్చరించారు. లక్షల మందిని ముందుగానే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ముందుగా కబురు అందడం, విన్నవెంటనే కదలడం, ఈ రెండే అంతమందిని కాపాడాయి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ముందురోజు మన సంఘాలవాళ్లం ఇల్లిల్లూ తిరిగాం. ఫోన్లకు మెసేజీలు వచ్చినా, మేకల్ని వదిలి రానన్న పెద్దమ్మలు ఉన్నారు. చెయ్యి పట్టుకుని, మేకల్ని కూడా తోలుకుని తీసుకొచ్చాం.

అందుకని అక్కచెల్లెళ్లారా, ఏటా అక్టోబరు మీటింగులో మూడు పనులు చేద్దాం. గర్భిణులు, బాలింతలు, ఒంటరి ముసలివాళ్ల పేర్లు రాసుకుని, ఎవరిని ఎవరు తీసుకెళ్లాలో తీర్మానం చేద్దాం. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో, లోపల నీళ్లు, లైటు ఉన్నాయో లేదో వెళ్లి చూద్దాం. పాసుబుక్కులు, ఆధార్, పట్టా కాగితాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకుందాం. గట్టు మీది సరుగుడు, తీరంలోని మడచెట్లు వంటచెరకుకు కొట్టకుండా చూసుకోవడం కూడా మన పనే.