పాయింట్ల ఆటతో పటాల తయారీ

ఊళ్లు, దారులు, దుకాణాల వివరాలను జీతం లేకుండా డిజిటల్ మ్యాపుల్లోకి ఎక్కించేవారికి పాయింట్లు, లెవెళ్లు, బ్యాడ్జీలు, బహుమతులు ఇచ్చి ఉత్సాహపరిచే పద్ధతి ఇది.

మన దేశంలో దీనికి దారి వేసింది 2008లో వచ్చిన, ఎవరైనా పటంలో వివరాలు చేర్చే వీలిచ్చిన గూగుల్ మ్యాప్ మేకర్. దాని రూపకర్తల్లో లలితేశ్ కాట్రగడ్డ ఒకరు. 2013 ఆరంభంలో గూగుల్ ‘మ్యాపథాన్’ పేరుతో బహుమతుల పోటీ పెట్టింది. అనుమతి తీసుకోలేదని సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేయడంతో వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది. ఆకతాయి గీతల వల్ల 2015లో కొన్నాళ్లు ఆగిన మ్యాప్ మేకర్ 2017లో మూతపడింది. ఇప్పుడు ఆ పని గూగుల్ మ్యాప్స్‌లోని లోకల్ గైడ్స్‌ది: ఫొటోకు 5 పాయింట్లు, కొత్త చోటు చేరిస్తే 15, లక్ష దాటితే పదో లెవెల్.

ఈ లెక్క ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో హైవే వైపే మొగ్గుతుంది. చిలకలూరిపేట దగ్గర రోడ్డు పక్క హోటల్‌కు ఫొటోలు తీసేవారు చాలామంది. పత్తి చేనుకు, మిర్చి కల్లానికి పోయే డొంకకు ఎవరు తీస్తారు? రైతుకు కావలసింది మాత్రం ఆ డొంకే. వాన పడితే నల్లరేగడి బంకలా సాగి ట్రాక్టర్ చక్రాలకు చుట్టుకుంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (బస్తాలు) వేసుకుపోయే లారీ కల్లం దాకా వస్తుందా, ఊరి బయటే ఆగిపోతుందా అన్నది ఆ దారిని బట్టే ఉంటుంది.

ఎవరైనా దిద్దగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కోసం తయారైన స్ట్రీట్‌కంప్లీట్ యాప్ ఇలాంటి చోట బాగా అక్కరకొస్తుంది. తెరపై దారి మీద ఒక గుర్తు కనిపిస్తుంది. నొక్కితే ఒకే ప్రశ్న: ఇది తారా, సిమెంటా, కంకరా, మట్టా? బొమ్మ ఎంచుకుంటే జవాబు పటంలో చేరుతుంది, ఆడినవారి ఖాతాలో నక్షత్రం పడుతుంది. అయితే డొంకను ముందే ఎవరో శాటిలైట్ చిత్రం చూసి గీసి ఉండాలి.

ప్రోత్సాహకం పక్కదారి పట్టడమూ ఉంది. పోకేమాన్ గో ఆట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను వాడుకోవడం మొదలయ్యాక, కావలసిన జీవులు దొరకాలని కొందరు లేని పార్కులు గీశారు. మిగతా మ్యాపర్లు వాటిని వెతికి తుడిచేయాల్సి వచ్చింది. అందుకే, గీసిన గీతకు కాక సరిచూసిన గీతకు పాయింటు ఇవ్వడమే న్యాయం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పనులను చిన్న చిన్న సవాళ్లుగా పంచే మ్యాప్‌రూలెట్‌లో సరిచూసే ఏర్పాటు ఉంది. ఎవరైనా తమ ప్రాంతానికి ఒక సవాలు పెట్టవచ్చు, ఒకరి పనిని మరొకరు పరిశీలించవచ్చు. మార్టూరు, పర్చూరు మండలాల డొంకలకు అలాంటి సవాలు పెట్టేట్టయితే సెప్టెంబరు, అక్టోబరు వానల్లో తిరిగి చూడడం మేలు. ఏ దారిన బండి పోతుందో, ఏది దిగబడుతుందో అప్పుడే తేలుతుంది. మిర్చి కోతల నాటికి ఆ వివరం పటంలో ఉంటుంది.