ఉన్నదాంతో వంట: శబరి ఒడ్డు చెప్పే చరిత్ర

సుక్మా నుంచి కోంటాకు వచ్చే జాతీయ రహదారి మీద ఉంటుంది ఎర్రబోరు. పటంలో ఛత్తీస్‌గఢ్‌, బస్తర్ ప్రాంతం. ఊళ్లో వినపడేది మాత్రం దోర్లల కోయ మాట, దానితో కలిసిపోయిన తెలుగు. శబరి నది ఒడ్డునున్న కోంటా దాటితే చింతూరు, ఇంకొంచెం ముందుకొస్తే భద్రాచలం. ఈ దారి పొడుగునా ఉన్న కోయ, దోర్ల ఇళ్లలో పొయ్యి వెలిగించే ముందు అటక మీద ఏముందో, కుండలో ఏం మిగిలిందో చూసుకునే అలవాటు ఎన్నో తరాలది. తిండి వృథా గురించి ఇవాళ ప్రపంచమంతా మాట్లాడుతున్నప్పుడు, ఈ అలవాటు ఎలా పెరిగిందో, ఎక్కడ దెబ్బతిన్నదో తెలుసుకోవడం అవసరం.

మైదానపు తెలుగువాళ్లకూ ఇది కొత్త కాదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున చద్దిగా తినడం ఎంత మామూలంటే, పోతన తన భాగవతంలో కృష్ణుడి చేత గోపబాలుర నడుమ చల్దులే తినిపించాడు. అది 15వ శతాబ్దం. ఆ తర్వాతి శతాబ్దంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి భోజనాన్ని రుతువుల వారీగా వర్ణించాడు. ముసురు పట్టిన రోజుల్లో అతిథికి వడ్డించిన వాటిలో వరుగులు, వడియాలు ఉన్నాయి. ఎండాకాలంలో ఎక్కువైన కూర వానాకాలంలో విస్తట్లోకి వచ్చిందన్నమాట. రాజు రాసిన కావ్యంలో, భక్తుడి ఇంట్లో, అతిథి ముందు పెట్టిన తిండి ఇది. దీన్ని లేనివాళ్ల సర్దుబాటు అనుకోవడం తరువాత వచ్చిన చిన్నచూపు. కోస్తా ఇళ్లలో తరవాణి కుండ కూడా ఇలాంటిదే: వంచిన గంజిని రోజూ ఆ కుండలో పోస్తూ పులియబెడితే, వేసవిలో ఆ పులుపే అన్నానికి ఆదరువు.

అడవి వంట దీనికంటే ఒక మెట్టు పైన ఉంది. అక్కడ పొదుపు కోతకు ముందే మొదలవుతుంది. కోయ, దోర్ల ఊళ్లలో మామిడి పండుగ చేయనిదే ఆ ఏటి కాయ కోయరు. చిక్కుడుకైనా, కొత్త ధాన్యానికైనా అదే కట్టుబాటు. పండుగ నాటికి మామిడికాయలో టెంక ముదురుతుంది. లేత కాయను రాల్చి పారేసే పని ఉండదు. ఊరంతా ఒకేసారి కోస్తుంది కనుక ఎవరి వాటా వాళ్లకు అందుతుంది. ఈ కట్టుబాటులో దేవతా ఉంది, లెక్కా ఉంది.

కోసింది ఎంతవరకు వాడతారో ఇప్పచెట్టు దగ్గర చూడాలి. పువ్వు ఎండబెట్టి దాచుకుంటారు; వేయిస్తారు, ఉడకబెడతారు, సారా కాస్తారు. పచ్చి కాయ పైకండ కూరవుతుంది. గింజ నుంచి వంటనూనె, దీపానికి నూనె. నూనె పోయాక మిగిలిన పిండిని చేపలు పట్టడానికి నీళ్లలో కలుపుతారు. చింతచెట్టు చిగురు, పండు, చివరికి వేయించిన పిక్క దాకా తిండే. తాటిచెట్టు కల్లు, ముంజలు, పండు ఇచ్చాక, నేలలో పాతిన టెంక మళ్లీ తేగ అవుతుంది.

రోజూ చేసుకునేది మాత్రం జావ. చోళ్ల (రాగుల) పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులవనిస్తారు. పొద్దున నూకలు ఉడుకుతున్న కుండలో ఆ పిండినీళ్లు పోసి తిప్పుతారు. దంపినప్పుడు విరిగిన బియ్యం ఇలా పనికొస్తుంది. చల్లారిన జావను ఎండిన సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికి వెళ్తారు. బస్తర్‌లో ఆ బుర్రను తుంబా అంటారు. ఎంత ఎండలోనైనా అందులో జావ చల్లగానే ఉంటుంది. పండిన సొరకాయ కూడా పారేయకుండా పాత్ర అయింది చూడండి.

కరువు నెలల్లో ఈ విద్య ఇంకా లోతుకు పోతుంది. పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన పుస్తకంలో జీలుగు మానులోని గుజ్జును దంచి పిండి తీయడం, మామిడి టెంకలోని జీడితో కడుపు నింపుకోవడం కనిపిస్తాయి. జీడిపిండిని ఒగరు పోయేదాకా పారే నీటిలో నాననివ్వాలి, జీడి బాగా ఎండి ఉండాలి. తేమ తగిలి బూజు పడితే అదే విషం. ఒడిశాలో 2001లో కాశీపూర్ ప్రాంతంలోనూ, 2024లో కంధమాల్ జిల్లాలోనూ మామిడి జీడి జావ తాగి మనుషులు చనిపోయారు. అందుకే ఆకలిని పొదుపు పేరుతో పొగడటం నాకు సమ్మతం కాదు. ఇంట్లో గింజలుండి జీడి దాచుకోవడం వేరు, జీడి తప్ప ఇంకేమీ లేకపోవడం వేరు.

ఈ ఏర్పాటుకు మొదటి పెద్ద దెబ్బ అడవి చట్టాలతో తగిలింది. 1905లో బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని వలస ప్రభుత్వం ప్రతిపాదించింది. వేట, పోడు, ఏరుకోవడం నేరాలు కాబోతున్నాయని జనానికి అర్థమైంది. 1910లో బస్తర్ ఆదివాసులు లేవదీసిన భూంకాల్ తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. వంటింటి సరుకు సగం అడవిలో ఉన్నవాళ్లకు అది వంటింటికే తాళం వేయడం.

రెండో దెబ్బ మన కళ్ల ముందే పడింది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే ఉద్యమం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి శిబిరాలకు చేరాయి. వాటిలో ఎర్రబోరు శిబిరం ఒకటి. 2006 జులై 17న మావోయిస్టులు దాని మీద దాడి చేసి 30 మందికి పైగా ప్రాణాలు తీశారు. వేలాదిమంది అప్పటి ఖమ్మం జిల్లాకు పారిపోయి మిరపచేలలో కూలికి దిగారు. శిబిరంలో బియ్యం ఇచ్చారు. పువ్వు ఏరుకునే చెట్టును, చేపలు పట్టుకునే వాగును ఎవరు ఇవ్వగలరు? అదే 2006 డిసెంబరులో అటవీ ఫలసాయం మీద గిరిజనుల హక్కును గుర్తించే చట్టం పార్లమెంటులో నెగ్గింది. సల్వాజుడుంను ఆపమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2011 జులై వచ్చింది.

వీటితో పాటు వచ్చిన మరో మార్పు రేషను బియ్యం. చవక బియ్యం ఈ అడవుల్లో ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ చోళ్లు, సామలు పళ్లెంలోంచి వెనక్కి పోయాయి. ఇప్పుడు అవే నగరాల్లో ఖరీదైన ప్యాకెట్లుగా అమ్ముడవుతున్నాయి; ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

అదే ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో పారేసేది మనిషికి ఏటా 55 కిలోలని అంచనా. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల కూర ఉండగానే సంచి పట్టుకుని బజారుకు వెళ్లే మనం, ఆ లెక్కలో ఉన్నాం. ముందు ఉన్నది చూసి, తర్వాత కొనడం అనే వరుస తిరిగి అలవాటు చేసుకోవడానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు.

అయితే ఈ విద్య తెలిసిన పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. ఏ జీడిని ఎన్నాళ్లు ఎండబెట్టాలి, ఏ దుంపను ఎన్ని నీళ్లలో కడగాలి అన్నది వాళ్ల చేతుల్లోనే ఉంది. కోంటా, చింతూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో, అంగన్‌వాడీల్లో వారానికి ఒక పూటైనా చోళ్ల జావ వడ్డించండి. వండటానికి ఆ ఊరి అవ్వలనే పిలవండి, వాళ్లకు కూలి ఇవ్వండి. వాళ్లు చెప్పింది పిల్లల చేత కోయలోనూ తెలుగులోనూ రాయించండి. ఈ పని ఈ వేసవిలోనే మొదలు కావాలి.