వంగే కర్రలో దాగిన వేగం: స్లాప్ షాట్ పుట్టుపూర్వోత్తరాలు

ఐస్ హాకీలో పక్‌ను గోలు వైపు పంపే పద్ధతులన్నింటిలోనూ అత్యధిక వేగాన్నిచ్చేది స్లాప్ షాట్. ఆటగాడు కర్రను వెనక్కి, నడుము దాటి భుజం ఎత్తు వరకూ లేపి విసురుగా దించే ఈ దెబ్బ చూసేవారికి కేవలం కండబలంగా కనిపిస్తుంది గానీ, దాని అసలు కీలకం కర్ర పక్‌ను తాకడానికి ముందే, మంచును తాకే చోట ఉంది. కర్ర అడుగున ఉండే వెడల్పాటి భాగాన్ని బ్లేడ్ అనీ, చేతులతో పట్టుకునే పొడవాటి కాడను షాఫ్ట్ అనీ అంటారు. పక్‌కు కొన్ని అంగుళాల వెనుకనే బ్లేడ్ మంచును గట్టిగా తాకుతుంది; మంచు బ్లేడ్‌ను అడ్డగిస్తుండగా కింది చెయ్యి కాడను ముందుకు నెడుతూనే ఉండడం వల్ల ఆ కాడ విల్లులా వంగి శక్తిని నిలువ చేసుకుంటుంది; బ్లేడ్ పక్‌ను చేరి మంచును వదిలే క్షణాన కాడ తటాలున నిటారై, తనలో దాచుకున్న శక్తిని పక్‌కు అందిస్తుంది. అందువల్ల స్లాప్ షాట్ చరిత్ర అంటే, ఈ వంపును ఆటగాళ్లు ఎలా కనిపెట్టారు, ఎలా తమ అదుపులోకి తెచ్చుకున్నారు అన్నదాని చరిత్రే.

హాకీ అనగానే భారతీయుల మనసులో మెదిలేది పచ్చిక మీద బంతితో ఆడే ఆట. మంచు మీద ఆడే ఆటలో బంతికి బదులు పక్ ఉంటుంది. ఇది గంధకంతో కాచి గట్టిపరచిన రబ్బరుతో చేసిన బిళ్ల, 3 అంగుళాల వ్యాసం, 1 అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు కలది. అది మంచు మీద ఎగిరెగిరి పడకుండా జారేందుకు పోటీకి ముందు దాన్ని గడ్డకట్టేంత చల్లబరుస్తారు. నియమబద్ధంగా నాలుగు గోడల మధ్య జరిగిన తొలి పోటీగా 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో జరిగిన ఆటను చరిత్రకారులు పేర్కొంటారు. ఆ కాలంలోనూ, ఆ తరువాత అనేక దశాబ్దాల పాటూ గోళ్లు కొట్టడానికి ఆటగాళ్లు ప్రధానంగా ఆధారపడినది రిస్ట్ షాట్. అంటే పక్‌ను బ్లేడ్‌కు ఆనించి కొంతదూరం ఈడ్చి, చివరలో మణికట్టు విదిలింపుతో వదిలే దెబ్బ. ఇందులో గురి ఎక్కువ, వేగం తక్కువ. నోవా స్కోషియా ప్రాంతపు మూలవాసులైన మిక్‌మాక్ ప్రజలు చెట్టు వేరూ కాండమూ కలిసే చోటి నుంచి ఒకే చెక్కగా చెక్కి ఇచ్చిన కర్రలు ఆ తొలినాళ్లలో కెనడా అంతటా పేరుపొందాయి. అవి గట్టివి, బరువైనవి, చదునైన బ్లేడ్ కలవి.

స్లాప్ షాట్‌ను మొట్టమొదట కొట్టినది ఎవరన్న ప్రశ్నకు ఏకాభిప్రాయంతో కూడిన జవాబు లేదు. కెనడా తూర్పు తీరాన నల్లజాతి బాప్టిస్టు చర్చిల పెద్దల చొరవతో 1895లో హాలిఫాక్స్‌లో మొదలైన కలర్డ్ హాకీ లీగ్‌లో, హాలిఫాక్స్ యురేకాస్ జట్టుకు చెందిన ఎడీ మార్టిన్ ఇరవయ్యో శతాబ్దారంభంలోనే ఈ పద్ధతిని ప్రయోగించాడని జార్జ్ ఫోస్టీ, డారిల్ ఫోస్టీ అనే పరిశోధక సోదరులు ‘బ్లాక్ ఐస్’ అన్న గ్రంథంలో ప్రతిపాదించారు. దీన్ని అనుమానించేవారు సమకాలీన ఆధారాలు కొద్దిగానే ఉన్నాయని అంటారు. అయితే ఆ లీగ్ ఆటలను పెద్ద పత్రికలు పట్టించుకున్నది బహు తక్కువనీ, దాని ఆటగాళ్లను తెల్లవారి వృత్తి లీగ్‌లు చేర్చుకోలేదనీ గుర్తుంచుకున్నప్పుడు, కాగితం మీద సాక్ష్యం కొరవడడాన్నే సాక్ష్యంగా తీసుకుని మార్టిన్ పేరును కొట్టివేయడం న్యాయం కాదు. అన్యాయంగా రాయకుండా వదిలేసిన చరిత్రకు, రాసిన చరిత్రతో సమానమైన రుజువులు చూపమని కోరడంలో అర్థం లేదు.

నేషనల్ హాకీ లీగ్ 1917లో ఏర్పడింది. ఆ లీగ్ పరిధిలో చూస్తే కథ న్యూయార్క్ రేంజర్స్ జట్టు దగ్గర మొదలవుతుంది. 1926 నుంచి పదేళ్లపాటు ఆ జట్టుకు ఆడిన ఫ్రెడరిక్ కుక్, అందరూ బన్ కుక్ అని పిలిచిన ఆటగాడు, సాధనలో ఇటువంటి దెబ్బను కొట్టేవాడు. అతని సహచరుడు అలెక్స్ షిబికీ దాన్ని అతని దగ్గరే చూసి నేర్చుకుని, 1937లో నిజమైన పోటీలో ప్రయోగించానని తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఈ మాటలో ముఖ్యమైన అంశం ఒకటుంది: సాధనలో సరదాగా కొట్టిన దెబ్బకూ, ఎదుటి జట్టు మీద పడుతుండగా కొట్టిన దెబ్బకూ మధ్య దూరం చాలా ఎక్కువ. కర్రను పైకెత్తిన క్షణంలో ఆటగాడు పక్‌ను వదిలేసినట్టే. ఆ క్షణంలో ప్రత్యర్థి దాన్ని లాక్కుపోవచ్చు. ఈ ప్రమాదానికి సిద్ధపడిన మనిషినే ఆ దెబ్బకు ఆద్యుడుగా లెక్కించాలంటే షిబికీ వాదనకు గట్టి బలముంది.

అయినా స్లాప్ షాట్‌ను నలుగురి నోళ్లలో నానేలా చేసినది మాత్రం మాంట్రియల్ కెనేడియన్స్ ఆటగాడు బెర్నార్డ్ జెఫ్రియాన్. పక్ మీద కర్ర మోగిన చప్పుడూ, ఆ వెంటనే రింక్ చుట్టూ ఉండే చెక్కగోడకు పక్ తగిలిన చప్పుడూ కలిసి అతనికి ‘బూమ్ బూమ్’ అన్న మారుపేరు తెచ్చిపెట్టాయి. 1950లలో కెనేడియన్స్ జట్టు పవర్ ప్లేలో, అంటే ప్రత్యర్థి జట్టులో ఒకరు శిక్షపై బయట కూర్చోగా అదనపు ఆటగాడితో ఆడే వ్యవధిలో, అతణ్ని గోలుకు దూరంగా నీలిగీత దగ్గర నిలిపేది. దూరం నుంచి కూడా గోల్ కొట్టగల మనిషి అక్కడ ఉండడంతో రక్షకులు ముందుకు రావలసి వచ్చేది, వారు ముందుకు వస్తే గోలు ముందు ఖాళీ ఏర్పడేది. ఒకే శిక్షా కాలంలో ఆ జట్టు రెండు మూడు గోళ్లు కొట్టేస్తుండడంతో, చిన్న తప్పుకు శిక్ష పొందిన ఆటగాడు ఒక గోల్ పడగానే తిరిగి రావచ్చని 1956లో లీగ్ నియమాన్నే మార్చింది. ఆ సామర్థ్యం జట్టంతటిదీ అయినా, అందులో జెఫ్రియాన్ షాట్ వాటా చిన్నది కాదు. 1960-61 సీజన్‌లో అతను 50 గోళ్లు కొట్టి, మారిస్ రిషార్ తరువాత ఆ సంఖ్యను అందుకున్న రెండో ఆటగాడయ్యాడు.

1960లలో షికాగో బ్లాక్ హాక్స్ ఆటగాళ్లు బాబీ హల్, స్టాన్ మికితా ఈ దెబ్బకు మరో భయంకరమైన గుణాన్ని జోడించారు. సాధన మధ్యలో మికితా కర్ర బ్లేడ్ చిట్లి వంకర తిరిగిందనీ, విసుగుతో దానితోనే కొట్టిన పక్ వింతగా మెలికలు తిరుగుతూ పోవడం చూసి అతను కావాలనే బ్లేడ్‌లను వంచడం మొదలుపెట్టాడనీ ప్రసిద్ధమైన కథనం. తానే ముందు వంచానని రేంజర్స్ ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కూడా చెప్పాడు. ఎవరు ముందైనా, వంపు తిరిగిన బ్లేడ్ మీద నుంచి పక్ తన చుట్టూ తాను తిరుగుతూ, పైకి లేచి చటుక్కున కిందికి దిగుతూ వెళ్లేది. హల్ 1965-66లో 54 గోళ్లు కొట్టి, ఒక సీజన్‌లో యాభైని దాటిన మొదటి ఆటగాడుగా నిలిచాడు. బ్లేడ్ వంపు విచ్చలవిడిగా పెరగడంతో లీగ్ కలగజేసుకుని, 1970 నాటికి దాన్ని అర అంగుళానికి కుదించింది. ఇప్పుడు ముప్పావు అంగుళం వరకూ అనుమతి ఉంది.

ఈ పరిణామానికి మూల్యం చెల్లించినవారు గోల్‌కీపర్లు. నీలిగీత నుంచి గోల్ గీతకు 64 అడుగుల దూరం. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే పక్ ఆ దూరాన్ని అర సెకను లోపే దాటుతుంది. అటువంటి ఆటను గోల్‌కీపర్లు దశాబ్దాల పాటు ముఖాన ఏ రక్షణా లేకుండా ఎదుర్కొన్నారన్నది నేటివారికి నమ్మశక్యం కాని సంగతి. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో బాత్‌గేట్ కొట్టిన పక్ ముఖాన తగిలి గాయపడిన గోల్‌కీపర్ జాక్ ప్లాంట్, కుట్లు వేయించుకుని ముఖకవచంతో తిరిగి వచ్చాడు. అతని పట్టుదల వల్లనే కవచం ఆటలో స్థిరపడింది. కవచం లేకుండా ఆడిన చివరి గోల్‌కీపర్ ఆండీ బ్రౌన్ 1974లో నేషనల్ హాకీ లీగ్ నుంచి తప్పుకున్నాడు. కవచాలున్నా ప్రమాదం పూర్తిగా తొలగలేదు. 1998లో సెయింట్ లూయిస్ జట్టు రక్షకుడు క్రిస్ ప్రాంగర్ ఛాతీకి స్లాప్ షాట్ తగిలి గుండె కొట్టుకోవడం క్షణాల పాటు ఆగిపోయింది. 2002లో కొలంబస్‌లో దారి మళ్లిన పక్ తగిలి ప్రేక్షకుల్లోని ఒక బాలిక మరణించిన తరువాత, గోళ్ల వెనుక ఎత్తైన వలలు కట్టడాన్ని లీగ్ తప్పనిసరి చేసింది.

స్లాప్ షాట్‌ను సాధనతో ఎంత పదును పెట్టవచ్చో చూపినవాడు నోవా స్కోషియాలోని పోర్ట్ హుడ్ గ్రామంలో పెరిగిన ఆల్ మకినిస్. బాల్యంలో కొట్టం గోడకు ఆనించిన ప్లైవుడ్ పలక మీదకు వేసవులంతా పక్‌లు కొడుతూ నేర్చుకున్న అతని దెబ్బ, 1984లో గోల్‌కీపర్ మైక్ లియూట్ ముఖకవచాన్ని పగలగొట్టింది. సహచరులందరూ కొత్త పదార్థాల కర్రలకు మారుతున్న కాలంలోనూ అతను చెక్క కర్రనే నమ్ముకుని, లీగ్ ఏటా జరిపే అత్యంత వేగవంతమైన షాట్ పోటీని ఏడుసార్లు గెలిచాడు. అతని వంటివారి కదలికను గమనిస్తే శిక్షకులు నేడు బోధించే క్రమమే కనిపిస్తుంది. పక్ ముందు పాదానికి సమీపంగా ఉండాలి. కింది చెయ్యి మామూలు కంటే కిందికి జారి కాడను బిగించి పట్టాలి. శరీరపు బరువు వెనుక కాలి నుంచి ముందు కాలికి మారుతుండగా తుంటి ముందు తిరిగి, ఆ తరువాతే భుజాలూ చేతులూ రావాలి. బ్లేడ్ పక్‌ను కాక దాని వెనుకనున్న మంచును ముందు తాకాలి. చివర మణికట్లు మూసుకుని బ్లేడ్ గురిని చూస్తూ ఆగాలి. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా కర్రను మరీ ఎత్తుగా లేపి, నేరుగా పక్‌నే కొడతారు. అప్పుడు కాడ వంగదు, చేతులకు నొప్పి మిగులుతుంది, పక్ మెల్లగా దొర్లుతుంది. ఎత్తు తగ్గించి, మంచును తాకే చోటును సరిచేసుకున్న ఆటగాడికి అదనపు బలం ఏమీ లేకుండానే వేగం పెరుగుతుంది.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో నిపుణులనూ సరదా ఆటగాళ్లనూ పోల్చి చూసినప్పుడు, నిపుణుల బ్లేడ్ పక్‌తో కలిసి ఉండే సమయం ఎక్కువని తేలింది. ఆ సమయం సెకనులో కొన్ని వందో వంతులు మాత్రమే. అయినా కాడ నిటారయ్యే క్రమమంతా పక్ బ్లేడ్‌ను వదలక ముందే పూర్తి కావాలి గనుక, ఆ కాస్త వ్యవధే దెబ్బ ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కర్ర ఎంత సులువుగా వంగుతుందో చెప్పడానికి తయారీదారులు ఫ్లెక్స్ అనే అంకెను ముద్రిస్తారు. కాడను ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె తెలుపుతుంది. తన బలానికి మించిన గట్టి కర్ర పట్టిన యువకుడు దాన్ని వంచలేడు, వంచలేని కర్ర అతనికేమీ తిరిగి ఇవ్వదు. ఒకే చెక్క కర్రల తరువాత పొరలు అతికించిన కర్రలు, గాజునార చుట్టినవి, అల్యూమినియం కాడలు, చివరకు 2000 ప్రాంతంలో కార్బన్ నారతో ఒకే ముక్కగా అచ్చుపోసిన కర్రలు వచ్చాయి. వీటిలో ప్రతి మార్పూ వంపును మరింత సమంగా, మరింత తేలికగా చేసింది.

వేగాన్ని కొలిచే పోటీల్లో 1993లో ఆల్ ఐయాఫ్రేటీ నమోదు చేసిన గంటకు 105.2 మైళ్లు, అంటే 169.3 కిలోమీటర్లు, ఏళ్ల తరబడి రికార్డుగా నిలిచింది. 6 అడుగుల 9 అంగుళాల జెడెనో చారా 2009లో దాన్ని దాటి, 2012లో ఒటావాలో 108.8 మైళ్లకు చేర్చాడు. 2020లో అమెరికన్ హాకీ లీగ్ పోటీలో మార్టిన్ ఫ్రక్ 109.2 మైళ్లు నమోదు చేశాడు. అయితే నిలిచి ఉన్న పక్‌ను అడ్డు వచ్చేవారు లేకుండా కొట్టే పరీక్ష ఇది.

నిజమైన ఆటలో కర్రను పూర్తిగా పైకెత్తే సమయం నానాటికీ తగ్గిపోతున్నది. కార్బన్ కర్రతో కొద్దిపాటి విదిలింపుతోనే తగినంత వేగం రావడం, రక్షకులు పక్‌కు అడ్డంగా పడిపోవడానికి వెనుకాడకపోవడం ఇందుకు కారణాలు. అందుచేత నేటి స్లాప్ షాట్ ఎక్కువగా వన్ టైమర్ రూపంలో, అంటే సహచరుడు అందించిన పక్‌ను ఆపకుండానే కొట్టే దెబ్బగా మిగిలింది. వాషింగ్టన్ జట్టు ఆటగాడు అలెక్స్ ఓవెచ్‌కిన్ గోలుకు ఎడమవైపు వృత్తం దగ్గర నిలబడి, తాను అక్కడే ఉంటాడని ప్రత్యర్థులందరికీ తెలిసినా, రెండు దశాబ్దాల పాటు గోళ్లు కొడుతూ వచ్చినది ప్రధానంగా ఈ దెబ్బతోనే.