ఒక పుస్తకం, రెండు చాటలు

మా రామాయంపేటలో బీడీలు చుట్టని ఇల్లు తక్కువ. ఖార్ఖానా మన ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో బీడీ తయారీ చూస్తేనే అర్థమవుతుంది.

బీడీకి కాగితం, జిగురు, మిషన్ ఏవీ అక్కర్లేదు. ఎండాకాలం అడవిలో తెంపి ఎండబెట్టిన తునికాకును రాత్రి తడిపి గోనెగుడ్డలో చుట్టిపెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది. దానిమీద రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. చిటికెడు తంబాకు పరిచి, ఒక కొస సన్నగా వచ్చేలా చుట్టి, మూతి మడిచి దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన.

ఇదంతా ఒళ్లో చాటలో ఇమిడిపోయే పని. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే చుట్టొచ్చు. అందుకే కంపెనీలు ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకుపోయాయి. తంబాకు దుమ్ము, దగ్గు మాత్రం ఇంట్లోనే మిగిలాయి.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తెలంగాణ వచ్చాక నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలై, 2019లో 2,016 అయింది. అయితే దానికి పీఎఫ్ నంబరు ఉండాలి.

మా అత్తమ్మ, ఆమె తోటికోడలు ఏళ్ల తరబడి ఒకే పుస్తకం మీద చుట్టారు. పేరు చిన్నత్తమ్మది. పింఛను ఆమెకొస్తుంది. అత్తమ్మ చుట్టిన లక్షల బీడీలు ఏ లెక్కలోనూ లేవు. మీ ఇంట్లో ఎవరైనా ఇంకా చుట్టుతుంటే, పుస్తకంలో వాళ్ల పేరుందో లేదో ఇవాళే చూడండి.