వియ్యపురాళ్ల అలక నుంచి డిసెంబర్ పండుగ దాకా: యిడ్డిష్ పాట, ఆట ఎలా మిగిలాయి

ఈసారి యిడ్డిష్ భాష గురించి, ఆ భాషవాళ్ల పాట, ఆట, పండుగ గురించి రాస్తున్నా.

యిడ్డిష్ అంటే తూర్పు యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడుకున్న భాష. సుమారు వెయ్యేళ్ల కిందట రైన్ నది ప్రాంతంలో పుట్టిందంటారు. మూలం జర్మన్ కుటుంబానిదే. అందులో హీబ్రూ మాటలు, స్లావ్ భాషల మాటలు కలిశాయి. రాసేది హీబ్రూ అక్షరాల్లో. ప్రార్థనకు హీబ్రూ, పొయ్యి దగ్గరా సంతలోనూ యిడ్డిష్. చదువుకున్న యూదులే చాలామంది దీన్ని 'జార్గన్' అని చిన్నచూపు చూశారు. "అదసలు భాషేనా?" అన్న మాట మనమూ మన ఇంటి భాషల గురించి విన్నదే కదా. 1908లో చెర్నోవిట్జ్ పట్టణంలో రచయితలు సభ పెట్టి, ఇది కూడా యూదు జాతి భాషేనని తీర్మానం చేసుకోవాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటి మందికి పైగా ఈ భాష మాట్లాడేవాళ్లు. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఎక్కువమంది వీళ్లే.

ఇక వాళ్ల సంగీతం. ఈరోజు దాన్ని 'క్లెజ్మర్' అంటున్నారు గానీ, అప్పట్లో ఆ మాటకు వాయించేవాడు అనే అర్థం. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వృత్తి అది. ఫిడేలు, మన సంతూర్ లాంటి సింబల్, తర్వాత క్లారినెట్. వాళ్లకు పని దొరికేది ముఖ్యంగా పెళ్లిళ్లలో. పెళ్లిలో 'బద్ఖన్' అని ఒకాయన ఉండేవాడు. అప్పటికప్పుడు ప్రాసలు కట్టి పెళ్లికూతురిని ఏడిపించడం, చుట్టాలను నవ్వించడం ఆయన పని. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆట 'ఫ్రేలెఖ్స్'. నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడి ఆడేది 'షెర్'. నాకు బాగా నచ్చింది మాత్రం 'బ్రోయ్‌గెస్ తాంట్స్', అంటే అలక ఆట. తరచుగా ఇద్దరు వియ్యపురాళ్లే ఆడేవాళ్లు. ఒకావిడ మూతి ముడుచుకుని మొహం తిప్పేసుకుంటుంది, రెండో ఆవిడ బతిమాలుతుంది, చివరికి కలిసిపోతారు. మన పెళ్లిళ్లలో ఇది ఆటగా కాదు, నిజంగానే జరుగుతుంది!

ఈ బాణీలను ముందే సేకరించినవాళ్లు కొందరున్నారు. అన్‌స్కీ అనే రచయిత 1912 నుంచి ఉక్రెయిన్ ప్రాంతపు ఊళ్లు తిరిగి మైనపు సిలిండర్ల మీద పాటలు రికార్డు చేయించాడు. తర్వాత కీవ్‌లో మోయిసేయ్ బెరెగోవ్‌స్కీ 20 ఏళ్లకు పైగా ఆ పనే చేశాడు. నాజీల నుంచి ప్రాణంతో బయటపడ్డాడు. కానీ 1950లో సోవియట్ ప్రభుత్వమే అరెస్టు చేసి లేబర్ క్యాంపుకు పంపింది. 1955లో వదిలారు, 1961లో చనిపోయాడు. ఆ సిలిండర్లు పోయాయనే అందరూ అనుకున్నారు. 1990ల్లో కీవ్‌లోని వెర్నాడ్‌స్కీ లైబ్రరీలో బయటపడ్డాయి. సోవియట్ ప్రభుత్వం చేసిన ఈ పనిని మర్చిపోకూడదని నా అభిప్రాయం. యిడ్డిష్ విషాదమంతా హిట్లర్ ఒక్కడి ఖాతాలో వేస్తే సగం కథే చెప్పినట్టు.

అమెరికాలో ఎవరూ చంపలేదు, పిల్లలే వదిలేశారు. 1920ల్లో న్యూయార్క్‌లో నఫ్తూలే బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ క్లారినెట్ రికార్డులు బాగా నడిచాయి. వాళ్ల మనవళ్ల కాలానికి అది తాతల సంగీతం అయిపోయింది.

హెన్రీ సపోజ్నిక్ కథ చూడండి. నాజీల బారి నుంచి బతికి బయటపడ్డ పోలండ్ యూదుల కొడుకు. కానీ కుర్రతనంలో పిచ్చి అంతా బాంజో మీద, అమెరికా కొండ ప్రాంతాల తెల్లవాళ్ల పాత పాటల మీద. నార్త్ కరోలినాలో టామీ జారెల్ అనే ముసలి ఫిడేలు విద్వాంసుడి దగ్గరకు నేర్చుకోడానికి వెళ్లాడు. ఆయన ఒకరోజు మామూలుగానే అడిగాడట, మీవాళ్లకు సొంత సంగీతం లేదా అని. ఆ ప్రశ్న ఇతన్ని వదల్లేదు. న్యూయార్క్‌లోని యివో సంస్థలో దుమ్ము పట్టిన పాత గ్రామఫోన్ రికార్డులు తీసి వినడం మొదలుపెట్టాడు. ఈ యివో 1925లో విల్నాలో పుట్టి, యుద్ధం వచ్చాక న్యూయార్క్ చేరింది.

1985లో సపోజ్నిక్, గాయని ఏడ్రియెన్ కూపర్ కలిసి 'క్లెజ్‌క్యాంప్' పెట్టారు. డిసెంబర్ చివర్లో, క్రిస్మస్ వారంలో, కాట్‌స్కిల్ కొండల్లోని హోటల్లో. పగలంతా వాయిద్యం, పాట, యిడ్డిష్ భాష, వంట క్లాసులు. రాత్రి అందరూ కలిసి ఆట. బుకోవినా నుంచి వచ్చిన లియన్ ష్వార్ట్జ్ లాంటి ముసలి ఫిడేలు వాద్యకారులు కుర్రాళ్ల పక్కన కూర్చుని నేర్పారు. పిల్లాజెల్లా అంతా కుటుంబాలుగా వచ్చేవాళ్లు. దాన్ని చూసి 1996లో కెనడాలో 'క్లెజ్‌కెనడా' వచ్చింది. అంతకు ఏడాది ముందే టొరంటోలో 'అష్కెనాజ్' పండుగ మొదలైంది.

ఆట సంగతి పాటంత సులువు కాలేదు. గ్రామఫోన్ రికార్డులో బాణీ ఉంటుంది, అడుగులు ఉండవు. బాణీలు తిరిగొచ్చిన కొన్నేళ్ల దాకా జనం కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టారంతే. జెవ్ ఫెల్డ్‌మన్, మైకేల్ ఆల్పర్ట్ లాంటివాళ్లు ముసలివాళ్ల దగ్గరకు వెళ్లి, భుజం ఎలా కదుపుతారు, చెయ్యి ఎంత ఎత్తుతారు అని చూసి నేర్చుకున్నారు. ఉక్రెయిన్ నుంచి న్యూయార్క్ వచ్చిన బ్రోన్యా సాకినా అనే పెద్దావిడ దగ్గర ఆల్పర్ట్ ఎన్నో పాటలు నేర్చుకున్నాడు. ఆవిడ పోయింది 1988లో. ఇంకో పదేళ్లు ఆలస్యం చేసి ఉంటే నేర్పేవాళ్లే ఉండేవాళ్లు కాదు.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. పండుగకు వచ్చినవాళ్లలో చాలామందికి యిడ్డిష్ నాలుగు ముక్కలకు మించి రాదు. అదే న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని హసీదీ యూదుల ఇళ్లలో చిన్నపిల్లలు ఈరోజుకీ యిడ్డిష్‌లోనే పోట్లాడుకుంటారు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఈ పండుగల వైపు చూడరు. ఆడా మగా కలిసి ఆడే ఆట వాళ్ల ఆచారానికి పడదు. భాష ఒకచోట, పండుగ ఇంకోచోట ఉండిపోయాయి. క్లాసు పెట్టి పాట నేర్పొచ్చు, వంటింట్లో మాట్లాడే అలవాటు తేవడం క్లాసు వల్ల అవుతుందా? కొన్ని కుటుంబాలు పట్టుబట్టి పిల్లలతో యిడ్డిష్ మాట్లాడుతున్నాయి, అలాంటివి కొన్నే.

క్లెజ్‌క్యాంప్ 2014తో ఆగిపోయింది. మరుసటి ఏడాదే, అదే డిసెంబర్ వారంలో, నగరంలోనే 'యిడ్డిష్ న్యూయార్క్' మొదలైంది. ఆ తర్వాత వెర్నాడ్‌స్కీ లైబ్రరీలోని చేతిరాత బాణీల కట్టలు ఫోటోలుగా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. వెయ్యికి పైగా బాణీలు. వేర్వేరు దేశాల వాలంటీర్లు వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించి వాయిస్తున్నారు.