గలాటా బురుజు ఎటు చూసింది?

ఇస్తాంబుల్ నగరంలో గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయకు ఉత్తర గట్టున, కొండవాలు మీద గలాటా బురుజు ఉంది. ఎత్తు సుమారు 63 మీటర్లు, అడుగున గోడ మందం 3.75 మీటర్లు. పైకెక్కినవారిలో ఎక్కువమంది దక్షిణం వైపే గుమిగూడతారు. హగియా సోఫియా, తోప్‌కాపి రాజప్రాసాదం, సులేమానియే గుమ్మటాలు అటే కనబడతాయి మరి. కట్టినవారి భయం మాత్రం ఉత్తరాన ఉండేది. ఆ దిక్కును పట్టుకుంటేనే ఈ బురుజుకూ దాని కింది పేటలకూ ఉన్న సంబంధం తేటపడుతుందని నా వాదన.

ముందుగా, వాడుకలో ఉన్న ఒక పొరపాటును తొలగించాలి. శత్రు నౌకలను ఆపడానికి పాయకు అడ్డంగా కట్టిన ఇనుప గొలుసు ఈ బురుజుకే తగిలించేవారని తరచూ వినిపిస్తుంది. కొండ మీది కట్టడానికి నీటి గొలుసు కట్టడం అసంభవం. గొలుసు ఉత్తరపు కొసను పట్టిన బైజాంటైన్ బురుజు ఒడ్డునే ఉండేది. 1203లో నాలుగో క్రూసేడు సేనలు దాన్ని పట్టుకున్నాయి. రేవు దగ్గర కరాకోయ్ పేటలో నేలమాళిగలో ఉన్న యెరల్తి మసీదు, ఆ పాత కోట అడుగు భాగమేనని పరిశోధకులు చాలామంది భావిస్తున్నారు.

కొండ మీది బురుజు జెనోవా వర్తకులది. బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదో మైకేల్ 1267లో వారికి గలాటాలో నివాసం ఇచ్చాడు, కోటగోడ కట్టుకునే హక్కు మాత్రం ఇవ్వలేదు. 1296లో వెనిస్ నౌకాదళం వచ్చి ఊరిని తగలబెట్టాక గోడ లేనిదే బతకలేమని వారికి తెలిసొచ్చింది. క్రమంగా ఒడ్డు భద్రమైంది. కానీ ఎగువనున్న కొండ శత్రువుల చేతికి చిక్కితే కింది గిడ్డంగులన్నీ వారి గురిలో ఉన్నట్టే. అందుకే 1348లో, చక్రవర్తి ఆరో జాన్ కాంటకౌజెనస్‌తో తగాదా ముదిరినప్పుడు, కొండ నెత్తిన ఈ బురుజు లేపి, అక్కడిదాకా ప్రాకారాన్ని పెంచారు. తగాదాకు మూలం సుంకాలు. నాటి చరిత్రకారుడు గ్రెగొరాస్ లెక్క ప్రకారం గలాటాకు ఏటా సుమారు 2,00,000 బంగారు నాణేల సుంకం వస్తుంటే, ఎదుటి గట్టున చక్రవర్తికి 30,000 దక్కడమే కష్టంగా ఉండేది. ఇంత మందపు గోడకు ఇంతకంటే మంచి వివరణ నాకు కనబడలేదు.

ఉత్తర దిక్కు విలువ 1453 ఏప్రిల్‌లో మళ్లీ తెలుస్తుంది. ఎదుటి గట్టు నగరాన్ని ముట్టడించిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ తన ఓడలను గలాటా ప్రాకారం వెనకనున్న కొండల మీదుగా నేలపై లాగించి, గొలుసును తప్పించి పాయలో దించాడు. గలాటా తటస్థంగా ఉండిపోయింది. నగరం పడిన కొద్ది రోజులకే సుల్తాను నుంచి అభయపత్రం పొందింది. వర్తకుల ఇళ్లూ చర్చిలూ మిగిలాయి, కోటగా గలాటా బతుకు మాత్రం ముగిసింది.

ఆ తర్వాతి మార్పులు పేటల్లో ఇప్పటికీ కళ్లకు కడతాయి. పెర్షెంబె పజారీలో ఇనుప సామాన్ల దుకాణాల నడుమ ఉన్న అరబ్ మసీదు, 14వ శతాబ్దపు డొమినికన్ చర్చి. దాని చదరపు గంటస్తంభమే ఇప్పుడు మినారు. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన ముస్లింలు 15వ శతాబ్దం చివర ఇక్కడ చేరారు. 20వ శతాబ్దం తొలినాళ్ల మరమ్మతుల్లో నేల కింద జెనోవా కుటుంబాల సమాధిఫలకాలు బయటపడి పురావస్తు ప్రదర్శనశాలకు చేరాయి. ఆరాధకులు మారినా ఆరాధన ఆగని ఈ ఆవరణ, నా దృష్టిలో, బురుజు కన్నా గొప్ప చారిత్రక సాక్ష్యం. ఇక ఎగువన బ్యాంకుల వీధిలో 1892 నాటి ఒట్టోమన్ బ్యాంకు భవనం, కమోండో మెట్లు, ఇంకా పైన బురుజు దగ్గర నెవె షాలోం యూదు ప్రార్థనాలయం వస్తాయి.

1864లో పురపాలకులు ప్రాకారాన్ని చాలావరకు కూల్చి, కందకాన్ని పూడ్చి వీధులు వేశారు. బ్యుయుక్ హెండెక్ వీధి ఆ కందకం దారినే సాగుతుంది. బురుజును వదిలేశారు. 18వ శతాబ్దం నుంచి అది కొయ్య ఇళ్ల నగరానికి అగ్నిప్రమాదాల కాపలా కాస్తుండటమే అందుకు కారణమని నా అభిప్రాయం. 1794లో, 1831లో తానే మంటల్లో చిక్కింది. 1875 తుపానుకు శంఖాకారపు కప్పు ఎగిరిపోయింది. 1965-67 మరమ్మతుల్లో లోపలి కొయ్య నిర్మాణం స్థానంలో కాంక్రీటు వచ్చింది, కప్పు తిరిగి లేచింది. కాబట్టి చిత్రపటాల్లో మధ్యయుగపు గుర్తుగా మెరిసే ఆ శిఖరం జెనోవా వారిది కాదు. వారి పని కింది అంతస్తులకే పరిమితం.

జెనోవా వాణిజ్య మార్గాల మీది మరికొన్ని కోటలతో కలిపి గలాటా 2013 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది. ఆ ప్రయత్నం ఫలించాలంటే ఒక్క బురుజును మెరుగుదిద్దితే చాలదు. రేవు నుంచి కొండ దాకా గోడ నడిచిన గీతను వీధుల రాళ్ల మీదే గుర్తించి, ఇళ్ల మధ్య మిగిలిన ప్రాకార శకలాలను, హరుప్ ద్వారాన్ని సందర్శకుల దారిలోకి తేవాలి.