టూరిస్టు వీసా ఫైలు: పుట్టింది యుద్ధంలో కాదు

వీసా కాగితాల చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా రెండు తేదీలు పట్టుకుంటారు. ఒకటి 1914, రెండోది 2001 సెప్టెంబరు 11. మొదటి ప్రపంచయుద్ధంలో గూఢచారుల భయంతో సరిహద్దులు బిగిశాయని, న్యూయార్కు దాడుల తరవాత ఇంకా బిగిశాయని వాళ్ళ కథనం. పాస్‌పోర్టు పుస్తకం వరకూ, వేలిముద్రల వరకూ ఆ మాట నిలుస్తుంది. కానీ యూరప్ చూసొద్దామని మనవాళ్ళు తయారుచేసే ఫైలు విప్పితే అందులో గూఢచారిని పట్టించే కాగితం ఒక్కటీ కనపడదు. బ్యాంకు ముద్ర వేయించిన మూడు నెలల స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, ఆఫీసువాళ్ళు సెలవిచ్చినట్టు లెటరు, రానూపోనూ టికెట్టు, హోటల్ బుకింగు, పైన కవరింగ్ లెటరు. గూఢచారి దగ్గర ఇవన్నీ మనకన్నా శుభ్రంగా ఉంటాయి. ఈ కాగితాలు జవాబు చెప్పేది వేరే ప్రశ్నలకి: నీ దగ్గర డబ్బుందా, పని చూసుకుని తిరిగి వెళ్ళిపోతావా? ఆ ప్రశ్నలు యుద్ధంకన్నా పాతవి. వాటిని ముందుగా ఎదుర్కొన్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

అర్థశాస్త్రంలోని ముద్రాధ్యక్షుడు ఒక మాషం పుచ్చుకుని ప్రయాణ అనుమతిగా ముద్ర ఇచ్చేవాడు. అది లేకుండా వచ్చిపోయే జానపదుడికి 12 పణాల జరిమానా. ఆ తరవాత మొగలుల దస్తక్‌లు, యూరప్ రాజుల అనుమతి పత్రాలు, 19వ శతాబ్దంలో అక్కడ వాటి సడలింపు. ఇవన్నీ ప్రతి పుస్తకంలోనూ ఉన్నవే. ఎవరు, ఎక్కడికి అన్నదే వాటిలో ముఖ్యం; డబ్బుందా, తిరిగి వెళ్తావా అన్నది కాదు.

1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. ఆ దారిన వెళ్ళిన తెలుగు, తమిళ ఒప్పంద కూలీలకు కాగితాలు లేకపోలేదు, ఎక్కువే ఉండేవి. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు అన్నీ గుమాస్తాలే రాసుకునేవారు. కూలీ స్వయంగా సిద్ధం చేసుకోవలసింది ఏమీ లేదు, ఎందుకంటే అతను కావలసిన మనిషి. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్ వెళ్ళిన లక్షలమందికి ఓడ టికెట్టే చాలు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే.

చిక్కల్లా సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని, ఎవరికీ కట్టుబడకుండా దిగే మనిషితో వచ్చింది. 1897లో నేటాల్ ప్రభుత్వం చేసిన వలస నియంత్రణ చట్టాన్ని ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. దిగేవాడు యూరప్ భాషల్లో ఏదో ఒకదానిలో దరఖాస్తు తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. చట్టంలో భారతీయుడన్న మాటే ఉండదు. ఒప్పంద కూలీలకు మినహాయింపు ఉంది. ఊరికే చుట్టపుచూపుగా వచ్చేవారి కోసం విజిటింగ్ పాసు పెట్టారు. దానికి రొక్కం డిపాజిట్ కట్టాలి, తిరిగి వెళ్తే వెనక్కిస్తారు. నేటి కవరింగ్ లెటరుకీ, తిరిగొస్తామన్న రుజువుకీ ఇంతకన్నా దగ్గరి పూర్వరూపం నాకు కనపడలేదు.

1908లో కెనడా ఇంకో అడుగు వేసింది. పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా, బయల్దేరకముందే కొన్న త్రూ టికెట్టుతో రావాలన్నది ఒక ఉత్తర్వు. భారతదేశం నుంచి అలాంటి ప్రయాణం దాదాపు అసాధ్యమని తెలిసే పెట్టారు. ఆసియావాసుల చేతిలో 200 డాలర్లు ఉండాలన్నది రెండోది. ప్రయాణ వివరం, డబ్బు రుజువు ఇలా జంటగా వచ్చాయి. 1914 మే 23న 376 మంది భారతీయులతో వాంకూవర్ చేరిన కొమగాటా మారు ఓడమీద ఈ నిబంధనల్నే ప్రయోగించారు. వాళ్ళలో పరీక్ష కేసుగా కోర్టుకెక్కిన మున్షీ సింగ్ తాను రైతునని, సేద్యం చేసుకోవడానికి వచ్చానని చెప్పుకున్నాడు. అధికారులు అతన్ని కూలీగా లెక్కగట్టారు, చేతిలో డబ్బు కూడా చాలలేదన్నారు. అప్పీలు కోర్టు వాళ్ళ మాటే నిలబెట్టింది. ఓడ జులై 23న వెనుదిరిగింది. బ్రిటన్ యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. ఈ వరస చూశాక కూడా యుద్ధమే కారణమని రాయడం ఎలాగో నాకు అర్థం కాదు. పాస్‌పోర్టు పుట్టుకను ఈ ఓడలతో ముడిపెట్టి పరిశోధకురాలు రాధికా మోంగియా లోతుగా రాశారు. నేను ఆ వాదాన్ని టూరిస్టు ఫైలు దాకా లాగుతున్నాను, అంతే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు న్యాయమైనవి. పేదవాణ్ణి రేవులోనే ఆపడం ఆసియావాసులతో మొదలవలేదు. ప్రభుత్వానికి భారమయ్యేవాళ్ళను రానివ్వకూడదని అమెరికా 1882లోనే చట్టం చేసింది. కెనడా యూరప్‌వాళ్ళ దగ్గరా డబ్బు చూసేది, కాకపోతే చాలా తక్కువ. కాబట్టి రంగు ఒక్కటే కారణమనను. రెండోది ఇంకా గట్టిది: కెనడా 1910 చట్టం టూరిస్టులను వలసదారుల లెక్కలోంచి తీసేసింది, కనక 200 డాలర్ల నిబంధన వాళ్ళకు వర్తించదు. నిజమే. అయితే టూరిస్టుకూ వలసదారుకూ మధ్య గీత గీశాక, ఎవరు ఏ పక్కో తేల్చడానికి కాగితాలు కావాలి. 1952 అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ఆ భారం ఎవరిదో తేటగా చెప్పింది: తాను వలసదారు కాదని కాన్సులర్ అధికారికి నమ్మకం కలిగించేదాకా వచ్చిన ప్రతివాడూ వలసదారే. దీన్ని ఉగ్రవాద భయం ఖాతాలో వేయలేం.

యుద్ధం చేసిన పని ఈ అనుమానానికి అట్ట కట్టడం. 1917లో భారతదేశం వదిలి వెళ్ళడానికి పాస్‌పోర్టు తప్పనిసరైంది. 1920లో నానాజాతి సమితి పారిస్ సమావేశం పుస్తకానికి ఒక రూపం ఇచ్చింది. స్వతంత్రం వచ్చాక మన ప్రభుత్వం కూడా ప్రయాణికుణ్ణి అనుమానించింది, విదేశీ మారకం కోసం. విదేశీ ప్రయాణానికి అనుమతిగా రిజర్వు బ్యాంకు ఇచ్చే ‘పి’ ఫారం కోసం తిరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. అక్కడ ఖర్చంతా మా అబ్బాయి చూసుకుంటాడని లేఖలు జతచేయడం మనకు అప్పుడే అలవాటైందని నా అభిప్రాయం. 1967లో సత్వంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు విదేశీ ప్రయాణాన్ని వ్యక్తి స్వేచ్ఛలో భాగమంది. అది మన గడప దాటే హక్కు. అవతలి గడప సంగతి దానికి పట్టదు. 1986లో బ్రిటన్ కూడా మనవాళ్ళను ముందుగా వీసా తెచ్చుకోమంది.

2010 నుంచి అమల్లో ఉన్న, యూరప్ దేశాల ఉమ్మడి షెంగెన్ వీసా కోడ్ నేటి ఫైలుకు అచ్చు పోసింది. ప్రయాణం ఎందుకు, బస ఎక్కడ, డబ్బెంత, తిరిగి వెళ్తారనడానికి ఆధారమేమిటి అన్నవే దాని అంశాలు. వాటికి తోడు కనీసం 30,000 యూరోల వైద్య బీమా. దీనివల్ల మేలూ జరిగింది. తిరస్కరించినప్పుడు కారణానికి టిక్కు పెట్టిన ఫారం చేతికొస్తుంది, అప్పీలుకు వెళ్ళొచ్చు. ఇదివరకు ఆ పాటి మర్యాద కూడా లేదు. 2001లో ముంబయిలో మొదలైన, రాయబార కార్యాలయాల తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థ వచ్చిన తరవాత క్యూలు చల్లబడ్డాయి గాని, ఫైలు తీసుకునేవారు వేరు, నిర్ణయించేవారు వేరు అయ్యారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి చెక్‌లిస్టు చూసి ఒక్కో కాగితానికి గుర్తు పెడుతుంది. ‘ఇది సరిపోతుందా అమ్మా?’ అంటే, పెట్టమంటారా వద్దా చెప్పండి అంటుంది. ఆమె తప్పేమీ లేదు, అంతకు మించి చెప్పే అధికారం ఆమెకు లేదు. వీసా ఇప్పించే దేవుడిగా చిలుకూరు బాలాజీకి పేరు రావడంలో వింతేముంది? మొక్కుకి 11 ప్రదక్షిణలు, పని జరిగితే 108 అని అక్కడ లెక్కయినా స్పష్టంగా ఉంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చనిది అది అబద్ధాన్ని పెంచడం. వీసా రాకముందు టికెట్టు కొనొద్దంటారు, టికెట్టు వివరం మాత్రం ఫైల్లో ఉండాలంటారు. దాంతో డమ్మీ టికెట్లు, రద్దు చేయడానికే చేసిన హోటల్ బుకింగులు ఏజెంట్లకు వ్యాపారమయ్యాయి. దరఖాస్తుకు ముందు బావమరిది ఖాతాలోంచి నాలుగు లక్షలు వచ్చిపడతాయి. స్టేట్‌మెంటు చూసే అధికారికి అది ఎక్కడిదో ఇట్టే తెలిసిపోతుంది. అనుమానం పూర్తిగా నిరాధారమని మాత్రం అనను. విజిట్ వీసామీద గల్ఫ్‌కి పంపిన బ్రోకర్ల చేతిలో మోసపోయిన కుటుంబాలు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. కానీ మన దేశమే 2014 నుంచి ఈ-టూరిస్టు వీసాకు ప్రధానంగా పాస్‌పోర్టు పేజీ, ఫొటో తీసుకుని సరిపెడుతోంది. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మనవాళ్ళకు అసలు టూరిస్టు వీసాయే అక్కర్లేదంది.

2024 ఏప్రిల్‌లో యూరప్ భారతీయులకిచ్చిన సడలింపును పత్రికలు పెద్దగా మెచ్చుకున్నాయి. మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్నవాళ్ళకు రెండేళ్ళ వీసా ఇస్తారు. అంటే లాభం ఇప్పటికే వెళ్ళొచ్చినవాళ్ళకి. మొదటిసారి బయల్దేరే కోనసీమ రైతు సంగతి వేరు. ఎనిమిది ఎకరాల కొబ్బరి తోట ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనక ఐటీ రిటర్ను ఉండదు, సెలవిచ్చే ఆఫీసు ఉండదు, కాయలమ్మిన డబ్బులో సగం బ్యాంకు గడప తొక్కదు. తిరిగి రావడానికి అతనికున్నంత కారణం హైటెక్ సిటీ ఉద్యోగికి ఉండదు. అయినా పట్టాదారు పాస్‌బుక్కును ఇంగ్లిషులోకి మార్పించి, తోట విలువ కట్టించి, సీఏ చేత సర్టిఫికెట్టు రాయించుకోవలసింది అతనే.